సెన్సార్ కొనేముందు దాని ఐఓడీడీ ఫైలు తెరిచి చూడండి

ఈ రివ్యూ ఒక ఫైలు గురించి. పేరు ఐఓడీడీ, అంటే ఐఓ డివైస్ డిస్క్రిప్షన్. ఐఓ-లింక్ అంటే సెన్సార్, కంట్రోలర్ ఒకదానికొకటి డేటా పంపుకునే ఒక ప్రామాణిక పద్ధతి. ఐఓ-లింక్ సెన్సార్ ఏది కొన్నా దానికి తోడుగా తయారీదారు ఇవ్వాల్సిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు (కంప్యూటరూ మనిషీ ఇద్దరూ చదవగల టెక్స్ట్ ఫైలు) ఇది. ఆ సెన్సార్ ఎవరు చేశారు, ఏం కొలుస్తుంది, కొలిచినదాన్ని ఏ రూపంలో పంపుతుంది, దాంట్లో మనం మార్చుకోగల సెట్టింగులు ఏవి, ఏ సెట్టింగ్ ఎంత నుంచి ఎంత దాకా మార్చొచ్చు, ఏ లోపం వస్తే ఏ కోడ్ చూపిస్తుంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. డబ్బు పెట్టి కొనేది కాదు. తయారీదారుల దగ్గరా దొరుకుతుంది, ఐఓ-లింక్ సంఘం నడిపే ఐఓడీడీ ఫైండర్ పోర్టల్‌లోనూ చాలా కంపెనీలవి ఒకేచోట దొరుకుతాయి. అయినా మన దగ్గర దీన్ని తెరిచి చూసేవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను బాలానగర్‌లో ఒక చిన్న ప్యానెల్ షాపులో పని చేస్తాను. ప్యాకింగ్ మెషిన్లకి పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ప్యానెల్స్ కట్టడం, ప్రోగ్రామ్ రాయడం, సైటుకి వెళ్ళి కమిషనింగ్ చేసి, అంటే మెషిన్‌ని మొదటిసారి నడిపి సరిచూసి, రావడం మా పని. పద్నాలుగేళ్ళుగా ఇదే. ఈ ఫైలు విలువ నాకు ఎలా తెలిసిందో చెప్పాలంటే 2019లో జరిగినది చెప్పాలి.

కాకినాడ దగ్గర ఒక నూనె ప్యాకింగ్ ప్లాంటుకి మేం పౌచ్ ఫిల్లింగ్ లైను కట్టిచ్చాం. ఫిల్లింగ్ హెడర్ మీద, అంటే పౌచ్‌లకి నూనె పంచే పైపు మీద, ఒక ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. 3.2 బార్ రాగానే పంపు ఆగాలి, 2.6కి దిగగానే మళ్ళీ స్టార్ట్ కావాలి. మామూలు సెన్సార్, ఐఓ-లింక్ లేదు. నాలుగంకెల డిస్‌ప్లే, కింద రెండు బటన్లు. ఒక రాత్రి అది పోయింది. స్టోర్‌లో అదే మోడల్ ఉంటే ఎలక్ట్రీషియన్ తీసి బిగించాడు. లైను నడిచింది గానీ పౌచ్‌లలో తూకం తగ్గుతోంది. కొత్త సెన్సార్ ఫ్యాక్టరీ సెట్టింగుతో ఉంది కాబట్టి పంపుని 2.5 బార్‌కే ఆపేస్తోంది.

పదకొండింటికి నాకు ఫోన్. "మేడమ్, సెన్సార్ కొత్తదే, అయినా ప్రెషర్ రావట్లేదు." నాకు విషయం అర్థమైంది. కానీ ఆ రెండు నంబర్లు, వాటితోపాటు మార్చిన డ్యాంపింగ్ (రీడింగ్ ఊగకుండా చేసే సెట్టింగ్), అవుట్‌పుట్ రకం, ఇవన్నీ నా డైరీలో ఉన్నాయి తప్ప ప్లాంటులో ఎక్కడా లేవు. ఫోన్‌లో ఒక్కో బటన్ చెప్తూ పోయాను. డిస్‌ప్లే మీద వచ్చే ముక్కల అక్షరాలు అతను చదివి చెప్పడం, నేను మెనూలో ఎక్కడున్నామో ఊహించడం. గంటన్నర తర్వాత ఇద్దరికీ ఓపిక అయిపోయింది. మర్నాడు సాయంత్రం మా ఫిట్టర్ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. నాలుగు సెట్టింగులు మార్చడానికి ఒక మనిషి రాత్రంతా ప్రయాణం చేశాడు. తూకం తక్కువని ఆపేసిన ఆ లైను అప్పటిదాకా ఆగే ఉంది.

ఆ తర్వాత అదే ప్లాంటు రెండో లైను అడిగినప్పుడు ఐఓ-లింక్ పెడదామని పట్టుబట్టాను. కేబులింగ్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. అదే ఎం12 కనెక్టర్, షీల్డ్ లేని మామూలు మూడు తీగల కేబుల్, 24 వోల్టులు. ఒక్కటే నియమం, మాస్టర్ (సెన్సార్లని పీఎల్‌సీకి కలిపే పెట్టె) నుంచి సెన్సార్‌కి 20 మీటర్లు దాటకూడదు. తేడా ఏంటంటే, సిగ్నల్ వచ్చే నల్ల తీగ మీద ఆన్, ఆఫ్ మాత్రమే కాకుండా మాటలు కూడా నడుస్తాయి. ఆ మాటలకి అర్థం చెప్పేదే ఐఓడీడీ.

ఇక్కడ కొత్తవాళ్ళు ఒకచోట తికమకపడతారు. ప్రొఫినెట్ అనే ఫ్యాక్టరీ నెట్‌వర్క్ వాడే పీఎల్‌సీలో ఐఓ-లింక్ మాస్టర్‌ని కలపడానికి జీఎస్‌డీఎంఎల్ అని ఇంకో ఎక్స్‌ఎంఎల్ ఫైలు వేస్తాం. అది మాస్టర్ గురించి చెప్పేది. మాస్టర్ పోర్టుకి తగిలించిన సెన్సార్ గురించి దానికి ఏమీ తెలియదు. జీఎస్‌డీఎంఎల్ వేశాం కదా, సెన్సార్ సెట్టింగులు ఎందుకు కనబడట్లేదని మా షాపులో చేరిన ప్రతి ట్రైనీ అడుగుతాడు. రెండు ఫైళ్ళూ కావాలి, రెండింటి పనీ వేరు.

ఐఓడీడీ జిప్ ఫైలుగా వస్తుంది. విప్పితే ఒక ఎక్స్‌ఎంఎల్, కొన్ని పీఎన్‌జీ బొమ్మలు. ఫైలు పేరులో తయారీదారు పేరు, పరికరం పేరు, విడుదల తేదీ, చివర ఐఓడీడీ 1.1 అని ఉంటాయి. గుర్తుగా ఉంటుందని ఆ పేరు మార్చకండి. ఐఓడీడీని చదివే సాఫ్ట్‌వేర్ టూల్స్ ఆ పేరునీ సరిచూస్తాయి.

ఎక్స్‌ఎంఎల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా సరే, ఓపిగ్గా చదివితే అర్థమవుతుంది. నేను మొదటిసారి అలాగే చదివాను. మొదట పరికరం గుర్తింపు: వెండర్ ఐడీ, డివైస్ ఐడీ, ఈ ఫైలు ఏయే ఆర్డర్ కోడ్‌లకి వర్తిస్తుందో ఆ జాబితా. తర్వాత వేరియబుల్స్, అంటే సెన్సార్‌లో చదవగల, మార్చగల విలువలు. ఒక్కోదానికి ఒక ఇండెక్స్ నంబర్, డేటా టైపు, కనిష్ఠం, గరిష్ఠం, ఫ్యాక్టరీ విలువ, చదవడానికి మాత్రమేనా రాయడానికి కూడానా అన్నది. కొన్ని ఇండెక్స్‌లు ఏ కంపెనీ సెన్సార్‌కైనా ఒకటే. 16 అంటే తయారీదారు పేరు, 18 అంటే ఉత్పత్తి పేరు, 24 అంటే మనం రాసుకునే ట్యాగ్. 2వ ఇండెక్స్‌లో 130 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ప్రాసెస్ డేటా (సెన్సార్ ఎప్పటికప్పుడు పంపే కొలత), లోపాల కోడ్‌లు, మెనూలు, చివర ఏ తీగ ఏ రంగు, ఏ పిన్ను అన్నది కూడా. బ్రౌన్ ప్లస్, బ్లూ మైనస్, బ్లాక్ సిగ్నల్. కాటలాగ్ దొరకనప్పుడు వైరింగ్ కోసం నేను ఈ ఫైలే తెరుస్తాను.

ప్రాసెస్ డేటా దగ్గర నేను దెబ్బతిన్నాను, కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను.

రెండో లైను కమిషనింగ్ రోజు. సెన్సార్ 10 బార్ రేంజిది, కొలత 16 బిట్లుగా వస్తుందని కాటలాగ్‌లో చూసి, ఆ 16 బిట్లనీ అలాగే తీసుకుని వందతో భాగించి స్క్రీన్ మీద చూపించాను. పంపు ఆన్ చేశాం. స్క్రీన్ మీద 10.02 బార్. ఆపరేటర్ పరుగున వెళ్ళి ఎమర్జెన్సీ నొక్కాడు. పైపు మీద ఉన్న ముల్లు గేజ్ మాత్రం రెండున్నర చూపించింది. సెన్సార్ పాడైందేమోనని ఇంకోటి పెట్టాం, కేబుల్ మార్చాం, మాస్టర్‌లో పోర్టు మార్చాం. రెండు గంటలు పోయాక ఐఓడీడీ తెరిచాను.

అందులో స్పష్టంగా ఉంది. మొత్తం 16 బిట్లు నిజమే. కానీ ప్రెషర్ విలువ 14 బిట్లు మాత్రమే, అది 2వ బిట్ స్థానం నుంచి మొదలవుతుంది. 0వ బిట్ మొదటి స్విచింగ్ అవుట్‌పుట్‌ది (మనం పెట్టిన ప్రెషర్ దగ్గర మారే ఆన్, ఆఫ్ సంకేతం), 1వ బిట్ రెండోదానిది. అంటే 2.50 బార్ ఉన్నప్పుడు సెన్సార్ పంపే విలువ 250. అది రెండు స్థానాలు పైకి జరిగి, అంటే నాలుగు రెట్లై ఉంది కాబట్టి 1000 అయింది. పైప్‌లైన్‌లో కనీస ప్రెషర్ ఉందని చెప్పడానికి రెండో అవుట్‌పుట్‌ని 1 బార్‌కి పెట్టాం, అది ఆన్‌లో ఉంది కాబట్టి ఇంకో 2 కలిసింది. 1002. వందతో భాగిస్తే 10.02. అంకె అంకెకీ లెక్క సరిపోయింది. రెండు స్థానాలు కుడికి జరిపాను, స్క్రీన్ మీద 2.50 వచ్చింది. ఆ ఫైలు ఉదయమే తెరిచి ఉంటే ఎమర్జెన్సీ నొక్కే అవసరమే రాదు.

ఈ విషయంలో ఫార్మాట్ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఏ బిట్ ఏంటన్నది ప్రాసెస్ డేటా భాగంలో ఉంటుంది. ఆ అంకెని దేనితో గుణించాలి, యూనిట్ ఏంటి అన్నది మాత్రం అక్కడ ఉండదు. దానికోసం కిందికి, యూజర్ ఇంటర్‌ఫేస్ భాగానికి వెళ్ళాలి. అక్కడ గ్రేడియంట్ (గుణించాల్సిన అంకె) 0.01, యూనిట్ కోడ్ 1137 అని ఉంటుంది. 1137 అంటే బార్. అంటే ఈ ఫార్మాట్ దృష్టిలో గుణించడం తెర మీద చూపించడానికి సంబంధించిన విషయం. కానీ పీఎల్‌సీ ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి అది కొలతలో భాగం. రెండు చోట్లా చూసి కలుపుకోకపోతే అంకె తప్పు వస్తుంది. దీన్ని ఒకేచోట పెట్టి ఉండాల్సింది.

ఇక మెచ్చుకోవాల్సిన విషయానికి వస్తాను. 2022 వానాకాలంలో ఆ రెండో లైను సెన్సార్ కూడా పోయింది. ఈసారి నాకు ఫోన్ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. అప్పటికి మా షాపుతో బాగా కలిసిపోయిన కుర్ర ఎలక్ట్రీషియన్ చేశాడు. "అక్కా, రాత్రి హెడర్ సెన్సార్ మార్చాం. లైను నడుస్తోంది. ఊరికే చెబుదామని చేశా." 3.2, 2.6, డ్యాంపింగ్, అన్నీ వాటంతటవే కొత్త సెన్సార్‌లోకి వెళ్ళిపోయాయి. ఎవరూ ఒక్క బటన్ కూడా నొక్కలేదు.

దీన్ని డేటా స్టోరేజ్ అంటారు. నిజానికి ఈ పని చేసేది మాస్టర్. సెన్సార్ సెట్టింగుల కాపీని తన దగ్గర ఉంచుకుని, అదే రకం కొత్త సెన్సార్ తగిలించగానే దాంట్లోకి పంపేస్తుంది. ఐఓడీడీ చేసేది, ఈ పరికరానికి ఆ సౌకర్యం ఉందో లేదో ఒక్క లైనులో చెప్పడం. ఫీచర్స్ దగ్గర డేటా స్టోరేజ్ ట్రూ అని ఉందో లేదో చూడండి. ఐఓ-లింక్ 1.0 కాలపు పాత పరికరాలకి ఈ సౌకర్యం లేదు, 1.1తో వచ్చింది. తక్కువ ధరకి పాత స్టాకు ఇస్తామని ఎవరైనా అంటే ముందు ఈ లైను వెతకండి. మాస్టర్ పోర్టులో బ్యాకప్, రిస్టోర్ ఆన్ చేయడం కూడా మర్చిపోవద్దు. అది చేయకపోతే ఫైలులో ట్రూ అని ఉన్నా ఉపయోగం లేదు.

ఇంకో ప్లాంటులో, ఊరు చెప్పను, పర్చేజ్ వాళ్ళు స్పేర్ తెప్పించారు. పెట్టె మీద బొమ్మ అదే, కంపెనీ అదే, ఆర్డర్ కోడ్ చివర ఒక్క అక్షరం తేడా. తగిలిస్తే మాస్టర్ ఒప్పుకోలేదు, పోర్టు లైటు ఎర్రగా వెలిగింది. డివైస్ ఐడీ వేరు. రేంజ్ వేరైన సెన్సార్‌లోకి పాత సెట్టింగులు పంపకుండా మాస్టర్ ఆపింది కాబట్టి అది మంచిదే. కానీ ఆ రోజు అక్కడ సరైన స్పేర్ లేదు. ఆ ఫైలులో వేరియంట్ల జాబితా చూసుకుని ఉంటే ఆర్డర్ పెట్టేముందే తెలిసేది. ఒకే ఐఓడీడీ కింద చాలా ఆర్డర్ కోడ్‌లు ఉంటాయి. మీ కోడ్ ఆ జాబితాలో ఉందా, ఆ ఫైలు మొదట్లో ఉన్న డివైస్ ఐడీ పాతదానితో కలుస్తోందా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

నాకు బాగా నచ్చిన ఇంకో ఏర్పాటు, మూడు రకాల మనుషులకి మూడు మెనూలు. చూసేవాళ్ళకి ఒకటి, మెయింటెనెన్స్‌కి ఒకటి, అన్నీ తెలిసిన నిపుణులకి ఒకటి. ఎవరికి ఏం కనబడాలో ఆ ఫైలే చెప్తుంది. ఆపరేటర్‌కి కొలతలు, స్థితి కనిపిస్తే చాలు. సెట్ పాయింట్, అంటే పంపు ఆగే, స్టార్ట్ అయ్యే ప్రెషర్ లాంటిది, మెయింటెనెన్స్ చేతిలో ఉండాలి. కొలతని సరిదిద్దే ఆఫ్‌సెట్ లాంటివి నిపుణుల మెనూలో ఉండాలి. దీనితోపాటు 12వ ఇండెక్స్‌లో తాళాలు ఉంటాయి. సెన్సార్ ఒంటి మీది బటన్లని అక్కడ లాక్ చేయొచ్చు. నైట్ షిఫ్టులో ఎవరో బటన్లు నొక్కి సెట్ పాయింట్ మార్చేసే సమస్య మాకు ప్రతి సైటులోనూ ఉండేది. ఇప్పుడు కమిషనింగ్ ముగిసే రోజు చివరి పనిగా ఆ తాళం వేసి వస్తాం. అయితే ఆ లాక్ మీ సెన్సార్‌లో ఉందో లేదో ఫైలులోనే చూడాలి, కొందరు తయారీదారులు అది ఇవ్వరు.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఆపరేటర్లలో చాలామంది ఇంగ్లిష్‌లో అంత సులువుగా చదవలేరు. ఐఓడీడీలో తెర మీద కనబడే ప్రతి మాటా ఒకేచోట విడిగా ఉంటుంది. ఇంగ్లిష్ తప్పనిసరి. దానికి జతగా వేరే భాషలు ఎన్నైనా కలపొచ్చు. జర్మన్, ఫ్రెంచ్, చైనీస్ ఉన్న ఫైళ్ళు నేను చూశాను. ఫార్మాట్‌లో తెలుగుకి అడ్డేమీ లేదు. భాషకి రెండక్షరాల కోడ్ ఇస్తే చాలు, తెలుగుకి అది ఎప్పటినుంచో ఉంది. ఒక ఆదివారం కూర్చుని మా ప్రెషర్ సెన్సార్ ఫైలులో ఉన్న నలభై మాటలకి తెలుగు రాశాను. సెట్ పాయింట్‌ని సెట్ పాయింట్ అనే ఉంచాను, ఆపరేటర్లు అలాగే అంటారు. లోపాల సందేశాలకి మాత్రం తెలుగు చాలా అవసరం. 4210 అనే కోడ్‌కి ఇంగ్లిష్‌లో పరికరం వేడి హద్దు దాటింది, వేడి కారణాన్ని తొలగించండి అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. నేను "సెన్సార్ బాగా వేడెక్కింది. దగ్గర్లో వేడి తగులుతోందేమో చూడండి" అని రాశాను.

టూల్ ఆ ఫైలుని తీసుకోలేదు. ప్రతి ఐఓడీడీకి చెకర్ ప్రోగ్రామ్ వేసే ఒక ముద్ర ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర చెల్లదు. ఎందుకలా పెట్టారో నాకు తెలుసు, దాంతో నేను ఏకీభవిస్తాను కూడా. ఎవరో ఒకరు గరిష్ఠ ప్రెషర్‌ని తమకి తోచినట్టు మార్చి నలుగురికి పంచితే ప్రమాదం. కాబట్టి ఆ నలభై మాటల్ని ఆపరేటర్ స్క్రీన్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చాను. మెషిన్ దగ్గర ఇప్పుడు తెలుగులోనే కనిపిస్తాయి. కానీ ఇది తయారీదారులు చేయాల్సిన పని. మన దగ్గర ఇన్ని సెన్సార్లు అమ్ముతున్నవాళ్ళు తమ ఫైలులో తెలుగు, హిందీ, తమిళం చేర్చడానికి పెట్టాల్సిన ఖర్చు ఎంతో ఉండదు.

లోటుల్లో ఇంకొకటి. కనిష్ఠం, గరిష్ఠం అని స్థిరమైన అంకెలే రాయగలరు. ఒక సెట్టింగ్ విలువ ఇంకో సెట్టింగ్ మీద ఆధారపడితే చెప్పలేరు. పంపు ఆగే ప్రెషర్, మళ్ళీ స్టార్ట్ అయ్యే ప్రెషర్ కన్నా ఎక్కువ ఉండాలి కదా. ఆ సంగతి ఫైలులో ఉండదు. 2.6, 3.2 తారుమారుగా కొడితే టూల్ ఏమీ అనదు, విలువలు రెండూ హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి. సెన్సార్‌కి పంపాక అది తిరస్కరించి 8040 అనే ఎర్రర్ ఇస్తుంది, సెట్టింగులు ఒకదానితో ఒకటి పొసగట్లేదని దాని అర్థం. ఏది దేనితో పొసగలేదో మనమే వెతుక్కోవాలి. ఇలాంటప్పుడు కాటలాగ్ పక్కన ఉండాల్సిందే.

ఫార్మాట్‌కి నేను 5కి 4 ఇస్తాను. ఫైళ్ళకి మాత్రం ఒకే మార్కు ఇవ్వలేను, ఎందుకంటే అది రాసినవాళ్ళ శ్రద్ధని బట్టి ఉంటుంది. కొన్ని ఐఓడీడీలు చదివితే పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్తున్నట్టుంటాయి. ప్రతి సెట్టింగ్‌కి ఒక వివరణ, ప్రతి ఎంపికకి ఒక అర్థం. కొన్నింటిలో పేరు దగ్గర పారామీటర్ 7, వివరణ దగ్గర ఖాళీ. చెకర్ దాన్ని కూడా పాస్ చేస్తుంది, నియమాల ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి. రెండు కంపెనీల సెన్సార్లు ధరలోనూ కొలతలోనూ సమానంగా ఉన్నప్పుడు, నేను రెండింటి ఐఓడీడీలూ తెరిచి, ఏది బాగా రాశారో అదే ఎంచుకుంటాను. రాత్రి పదకొండింటికి నేను దగ్గర లేనప్పుడు ఆ ఎలక్ట్రీషియన్‌కి చెప్పేది ఆ వివరణే. మా షాపు కొటేషన్ ఫారంలో ఇప్పుడు ఐఓడీడీ చూశారా అని ఒక గడి ఉంది, అది నింపకుండా ఆర్డర్ వెళ్ళదు. ప్లాంటు నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి, వాడిన ప్రతి సెన్సార్ జిప్ ఫైలూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్యానెల్ తలుపు లోపల డ్రాయింగులు పెట్టే పాకెట్‌లో ఉంచి వస్తాం.

పారామీటర్ 7 అని రాసిన ఆ కంపెనీకి పోయినేడాది మెయిల్ పెట్టాను. అది ఫిల్టర్ సమయమని, మిల్లీ సెకన్లలో ఉంటుందని వాళ్ళ అప్లికేషన్ ఇంజినీర్‌ని ఫోన్‌లో అడిగి తెలుసుకున్నానని, అదే సంగతి ఫైలులో రాస్తే నాలాంటివాళ్ళు ఫోన్ చేయాల్సిన పని ఉండదని రాశాను. నాలుగు నెలల తర్వాత పోర్టల్‌లో ఆ సెన్సార్‌కి కొత్త తేదీతో ఫైలు కనిపించింది. తెరిచి చూశాను. పారామీటర్ 7 ఇప్పుడు ఫిల్టర్ సమయం. పక్కన యూనిట్ ఉంది. కింద రెండు లైన్ల వివరణ కూడా ఉంది.